ముదరనివ్వమన్నది నేనే

మేము పనికి వెళ్ళినప్పుడు మా పాపను వదిలే క్రెష్‌లో, తలుపు దగ్గర నిలబడే ఆవిడను అందరూ తాళాలమ్మ అంటారు. నడుముకు వేలాడే తాళాల గుత్తి తెచ్చిపెట్టిన పేరది. ఆవిడ అసలు పేరు నాకు తెలిసింది ఆవిడ మీద ఫిర్యాదు రాసిన రోజున. అదీ కాగితం మీద పేరు రాయక తప్పదు కాబట్టి. ఇందులో నేను సిగ్గుపడవలసినవి చాలా ఉన్నాయి, ఇది అన్నిటికన్నా చిన్నది.

తాళాలమ్మకు అరవై రెండేళ్ళు. ఇక్కడికి రాకముందు ఇరవై ఏళ్ళు ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసింది. ఆ చెయ్యి ఇంకా మరచిపోలేదు. పిల్లల పక్కబట్టలు ఆవిడ మడతపెడితే అంచుకు అంచు అతికినట్టుంటుంది. చెల్లెలి ఇంట్లో ఒక గదిలో ఉంటుంది. సొంత పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, నాకు ఇరవై ముగ్గురు, పొద్దున పుడతారు, సాయంత్రానికి అత్తారింటికి పోతారు అంటుంది.

నేను జీవశాస్త్రం చదివాను. తాగునీటిని పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. తండ్రినయ్యాక ఆ చదువంతా భయపడడానికే పనికొచ్చింది. పాల సీసాలో థర్మామీటరు ముంచేవాణ్ణి. దగ్గులు లెక్కపెట్టి పుస్తకంలో రాసేవాణ్ణి. పాపకి పాలు పడుతున్నావా, రిపోర్టు రాస్తున్నావా అని మా ఆవిడ ఎగతాళి చేసేది.

పాప క్రెష్‌లో చేరిన మొదటి వారంలో తాళాలమ్మ నన్ను ఆపింది. మీరు సైన్సు చదివారట కదా బాబూ అని మొదలుపెట్టింది. తలుపు చట్రం నడుమ వంగినట్టు కనిపిస్తోందట. వడ్రంగి దారానికి గుండు కట్టి చూసి, నిటారుగానే ఉందని చెప్పి పోయాడట. తోటి ఆయాలు నవ్వారట. ఆ రోజు పాప ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. నా చెయ్యి దాని నుదుటి మీదే ఉంది. అడుగు ఆపకుండానే జవాబిచ్చాను.

"ఈ వయసులో శుక్లాలు మామూలే పెద్దమ్మా. ముదరనివ్వండి. ముదిరాక ఆపరేషన్ చేస్తారు, సరిపోతుంది."

అర నిమిషం ఆలోచించి ఉంటే తెలిసేది. శుక్లం కంటి ముందుభాగంలోని కటకానికి పడుతుంది. ఆవిరి పట్టిన అద్దంలా చూపంతా మసకబారుతుంది కానీ గీత వంగదు. తిన్నటి గీత వంగిందంటే కంటి వెనక ఉన్న తెర నడుమ, రెటీనాలో ఏదో జరుగుతోందన్నమాట. అక్కడే మాక్యులా అనే పసుపు మచ్చ ఉంటుంది. అక్షరాలూ ముఖాలూ తేటగా కనిపించేది దానివల్లే. పరీక్షలో ఆ బొమ్మ గీసి పదికి పది తెచ్చుకున్నవాణ్ణి నేను. పైగా శుక్లాన్ని ముదిరేదాకా ఉంచుకోమనడం కూడా మా తాతల నాటి మాట.

నెలలు గడిచాయి. ఒకనాటి నుంచి సాయంత్రం నేను వెళ్ళినప్పుడల్లా తాళాలమ్మ, ఎవరి కోసం బాబూ అని అడగడం మొదలుపెట్టింది. రోజూ వచ్చేవాణ్ణి పట్టుకుని ఆ ప్రశ్నేమిటని ఒళ్ళు మండేది. పాప పేరు చెబితే గానీ చేతికిచ్చేది కాదు. ఆ తర్వాత మరొకటి గమనించాను. మాట్లాడేటప్పుడు ఆవిడ నా ముఖంలోకి చూడదు. చూపు నా చెవి దాటి గోడ మీదకు పోతుంది.

ఒకరోజు పాప చెంప మీద గీరుడు కనబడింది. ఏమైందని అడిగితే, గోడవైపు చూస్తూ తెలియదంది. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. గోళ్ళు తీయలేదుగా, అదే గీరుకుని ఉంటుందిలే అని ఆవిడ కొట్టిపారేసింది. నేను వినలేదు. కళ్ళలోకి చూసి మాట్లాడలేని మనిషి ఏదో దాస్తున్నట్టే లెక్క, అలాంటి మనిషి చేతికి పసిపిల్లల్ని ఇవ్వడం తగదు అని క్రెష్ నడిపే మేడమ్‌కు రాసిచ్చాను. వాక్యాలు బాగా కుదిరాయని మురిసిపోయాను కూడా.

మర్నాటి నుంచి తాళాలమ్మ తలుపు దగ్గర లేదు. వెనక వసారాలో గిన్నెలు కడగడానికి వేశారు. నెలాఖరుకు పూర్తిగా పంపించేస్తారని ఒక ఆయా చెప్పింది. నాకు నిశ్చింతగా అనిపించింది. ఆ మాట దాచను.

వారం తర్వాత మరచిపోయిన పాల సీసా కోసం పాపతో వెనక వసారాకు వెళ్ళాను. మేము గుమ్మం దాటకముందే తాళాలమ్మ, ఎడమ చెప్పు ఈడ్చే పిల్ల వచ్చిందే అంది. పాప పరుగెత్తింది. ఆవిడ ముఖం పక్కకు తిప్పి, కుళాయి వైపు చూస్తూ, పాప బుగ్గను సరిగ్గా పట్టుకుంది.

పాపను చూడడానికే కుళాయి వైపు తిరిగింది. నడిమి చూపు పోయినవాళ్ళు అంచు చూపుతో చూడడానికి అలా తల తిప్పుతారని నేను చదివిందే. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఒక్కో కన్ను మూసి నన్ను చూడమన్నాను.

"కుడికంటికి నీకు చెవులున్నాయి, ముక్కు లేదు. అక్కడంతా బూడిద," అంది నవ్వుతూ. "ఎడమకంటికి ముక్కుంది కానీ వంకర, మసక కూడా. ఈమధ్యే వంకరపోయింది." తర్వాత మామూలుగా అడిగింది. "ఇంకెంత ముదరాలి బాబూ? నువ్వన్నావని పది నెలలుగా ఆగుతున్నా."

మర్నాడు సెలవు పెట్టి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కంట్లో చుక్కలు వేసి, ఫోటోలు తీసి, డాక్టరమ్మ చెప్పింది. తెర కింద కొత్తగా పుట్టిన పల్చటి రక్తనాళాలు కారుతున్నాయి. కుడికంట్లో గాయపు మచ్చ కట్టేసింది, ఆ నడిమి చూపు ఇక రాదు. ఎడమది ఈమధ్యే మొదలైంది. కంట్లోకి ఇంజెక్షన్లు క్రమం తప్పకుండా వేస్తే నిలబడే అవకాశం ఉంది. మొదట్లో ఒక కంటికే వస్తే రెండోది కప్పిపుచ్చుతుందని, అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారని అంది. ఈవిడ మాత్రం గీత వంగడం మొదట్లోనే కనిపెట్టింది.

"మరి ఇన్నాళ్ళూ ఎవరు ఆగమన్నారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఎవరో అన్నార్లెండి," అంది తాళాలమ్మ.

నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. రాసిన ఫిర్యాదు కన్నా, ఇచ్చిన సలహా కన్నా, ఆ కుర్చీలో మౌనంగా కూర్చున్న ఆ క్షణమే ఇప్పటికీ నన్ను ఎక్కువ కాలుస్తుంది.

ఆ సాయంత్రం తాళాలమ్మను వెంటబెట్టుకుని మేడమ్ గదికి వెళ్ళాను. నా ఉత్తరం తప్పని, ఆవిడ ఏమీ దాయలేదని చెప్పాను. మేడమ్ నన్ను ఎగాదిగా చూసింది. అప్పుడు నమ్మకం లేని మనిషన్నారు, ఇప్పుడు చూపు లేని మనిషంటున్నారు, పసిపిల్లల దగ్గర ఎలా ఉంచమంటారని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. జవాబు తాళాలమ్మే చెప్పింది.

"తలుపు దగ్గర ఒక్కదాన్నే నాకూ వద్దు మేడమ్. భయమేసే కదా, వచ్చినోళ్ళనల్లా ఎవరి కోసమని అడిగా. ఒకరి బిడ్డని ఇంకొకరికి ఇచ్చేస్తే?"

పాల సీసాలో థర్మామీటరు ముంచిన నాకన్నా, నా బిడ్డ గురించి ఎక్కువ జాగ్రత్తపడింది ఆవిడ. దానికే నాకు ఒళ్ళు మండింది.

రెండో ఇంజెక్షన్ రోజున, అడగకపోయినా డాక్టరమ్మకు చెప్పాను. ముదరనివ్వమన్నది నేనేనని. ఆవిడ, ఇక ఎవరికీ అలా చెప్పకండి, యాభై దాటిన ప్రతివాళ్ళనూ ఏటా చుక్కలు వేయించుకుని చూపించుకోమనండి అంది. బయటికొచ్చాక తాళాలమ్మ నన్ను కసిరింది.

"ఆ మాట ఎందుకు చెప్పావు నాయనా? చెబితే సూదులేమైనా తగ్గిస్తుందా?"

ఆవిడ గదిలో బీరువా తలుపుకు గళ్ళ కాగితం ఒకటి అంటించాను, నడుమ నల్ల చుక్కతో. రోజూ పొద్దున ఒక్కో కన్ను మూసి చుక్కను చూడాలి. గళ్ళు మరింత వంగితే వెంటనే నాకు ఫోన్ చేయాలి. అలాంటిదే ఇంకోటి మా అత్తగారింట్లోనూ అంటించాను. మూడు ఇంజెక్షన్లయ్యాక ఎడమకంటి వంకర కొంత తగ్గింది. ఇంకా ఎన్ని కావాలో ఎవరూ కచ్చితంగా చెప్పడం లేదు. కుడికన్ను అలాగే ఉంది.

మేడమ్ ఒప్పుకుంది. ఇప్పుడు తలుపు దగ్గర ఇద్దరుంటారు. చిన్న ఆయా ముఖాలు చూస్తుంది, తాళాలమ్మ గొంతులు వింటుంది. అడగకముందే నేను పాప పేరు చెబుతాను. ఆవిడ నా చెవి వైపు చూస్తుంది. వెనక ఇంకెంతమంది తల్లిదండ్రులు వరుసలో ఉన్నా, ఆవిడకు నా ముఖం దొరికేదాకా కదలకుండా నిలబడతాను.