అమావాస్యకొక పాట

ఆ క్యాసెట్టు అట్ట మీద నా పేరు లేదు. అట్ట అచ్చు వేసిన ప్రెస్సు పేరుంది. ఫొటో తీసిన స్టూడియో పేరుంది. పాడినామె పేరు సరే, కంజిర కొట్టిన ఆమె అన్న పేరు కూడా పెద్ద అక్షరాల్లో ఉంది. మిషన్ మోసుకుంటూ హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య తిరిగి, ప్రతి పాటనూ నా చేత్తో రికార్డు చేసినవాణ్ణి నేను. నా పేరేదమ్మా అని అడిగితే, "స్థలం సాల్లేదన్నా" అంది. అట్ట వెనకవైపు సగం ఖాళీగానే ఉంది. ఎవరైనా నమ్మకపోతే తీసి చూపిస్తాను.

అయినా ఆ క్యాసెట్టు గురించే రాస్తున్నాను. పాటలు వినడమే వృత్తిగా బతికినవాణ్ణి. అలాంటిది ముందు వినలేదు, తర్వాతా వినలేదు.

తొంభైలలో హిందూపురం బస్టాండు దగ్గర నాకు చిన్న రికార్డింగు దుకాణం ఉండేది. జనం ఖాళీ క్యాసెట్టు తెచ్చి, కావలసిన సినిమా పాటలు చెబితే ఎక్కించి ఇచ్చేవాణ్ణి. అంతకుముందు నేనూ పాడేవాణ్ణి. సోమందేపల్లిలో ఒక పాటల పోటీలో పల్లవి కూడా పూర్తి కాకముందే చెయ్యెత్తి ఆపేశారు. ఆపిన పెద్దమనిషి తర్వాత ఒకసారి నా దుకాణానికే వచ్చాడు. అతని క్యాసెట్టు అన్నిటికన్నా చివర ఎక్కించాను.

ఒక మధ్యాహ్నం ధర్మవరం నుంచి ఒక నేతగాడు, అతని చెల్లెలు వచ్చారు. ఇద్దరూ పట్టుచీరలు నేసేవాళ్లే.

"ఏమప్పా, పాటలు పట్టిస్తావంట గదా?" అన్నాడు అన్న.

"ఏ సినిమావి కావాల?"

"సినిమావి కాదన్నా" అంది చెల్లెలు. "నావి. నేను కట్టినవి, నేనే పాడతా." బస్సుల హారన్లు కాసేపు విని తల అడ్డంగా ఊపింది. "ఈడ కుదరదు. మిషన్ ఎత్తుకోని మా ఇంటికే రావాల. అదీ అమావాస్య నాడే."

"అమావాస్య నాడా? పాటలేనా, చేతబడి ఏమన్నానా?" అన్నాను.

అన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు. "ఎకసెక్కాలు ఆడేదానికి నాకు తీరిక లేదన్నా. వస్తావా, రావా?"

నా దుకాణంలో నిలబడి నన్నే గద్దించింది. రానని చెప్పాలనుకున్నాను. ఎందుకో వస్తానన్నాను.

అమావాస్య ఎందుకో ధర్మవరం వెళ్లాక అర్థమైంది. స్టేషనుకు ఎవరూ ఎదురు రాలేదు, బరువైన పెట్టె నేనే మోశాను. అది వేరే సంగతి. వాళ్ల వీధిలో ఇంటింటికీ మగ్గముంది. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గాలు. తెల్లవారింది మొదలు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు, నేసిన పోగును బిగించే పలక దెబ్బ. ఆ వీధి నెలకొక్కసారి, అమావాస్య నాడు మాత్రమే ఊరుకుంటుంది. ఆ రోజు ఎవరూ మగ్గంలోకి దిగరు. ఆ నిశ్శబ్దంలో ఆమె పాడాలి, నేను పట్టాలి.

ఆ మొదటి రోజే, నేను వైర్లు కలుపుతుండగా అన్న అసలు సంగతి చెప్పాడు. చెల్లెల్ని పెనుకొండలో ఇచ్చారు. మొగుడికి టైలరు దుకాణం. కొన్నేళ్లు కాపురం చేశాక, ఆమెను ఇక్కడ పుట్టింటి గుమ్మం ముందు దింపి, శుక్రవారం వచ్చి తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు. రాలేదు. పెనుకొండలోనే ఇంకొక ఆవిడతో ఉంటున్నాడని తర్వాత తెలిసింది. ఏడాది దాటాక అతని తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడింది. అప్పుడు కోడలు గుర్తుకొచ్చింది. మొగుడు రాలేదు, తన అన్నను పంపాడు. రెండువైపుల పెద్దలూ కూర్చుని, పోయి కాపురం చేసుకోమన్నారు.

"ఇదేమనింది తెలుసునా?" అన్నాడు అన్న, నవ్వాలో ఏడవాలో తెలియనివాడిలా. "నా మనసులో కొన్ని పాటలుండాయి, అవి క్యాసెట్టు పట్టించినాక నా మాట చెప్తా అనింది. పాటలే గదా, వారం పని అని పెద్దోళ్లు సరే అనిరి. ఎన్ని పాటలని ఒగురూ అడగల్యా."

అమావాస్యకొకటే కుదురుతుందన్న సంగతీ వాళ్లకు తట్టలేదు. పైగా అమావాస్య నాడు ఆడపిల్లను అత్తవారింటికి పంపరు. పాట ముగిసిన రోజు ప్రయాణానికి పనికిరాదు. పనికొచ్చే రోజుకు ఆమె ఇంకో పాట మొదలుపెట్టి ఉంటుంది. పోనని ఆమె ఎవరితోనూ అనలేదు. పోతానని కూడా అనలేదు.

ఆమె మాట కోసం మొగుడి అన్న ప్రతి అమావాస్యకూ పెనుకొండ నుంచి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. చెడ్డవాడేమీ కాదు. తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ అరటిపండ్ల సంచి.

"ముగిసినాయామ్మా?" అని అడిగేవాడు.

"ఇంకోటి ఉండాది బావా" అనేది ఆమె.

"పోయిన నెలా అదే అంటివి."

"పోయిన నెల ఉండేది వేరేది బావా."

మొదటి పాట నాకు బాగా గుర్తుంది.

శుక్రవారం వస్తానంటివి
శుక్రవారాలు శానా ఉండాయని చెప్పకపోతివి

రెండో చరణంలో ఆమె గొంతు పగిలింది. మాట సగంలో తెగి, ఊపిరి మాత్రం వినబడింది. మళ్లీ పాడమన్నాను. వద్దంది. నేను పట్టు పట్టాను. ఇలాంటిది బయటికి పోతే పట్టినవాడికి పని రాదంటారు, నా దుకాణం సంగతేమిటి అని అడిగాను.

"ఆ పొద్దు నాకు అంతే వచ్చింది. ఇంకా బాగా పాడితే అది అబద్ధమవుతుంది. ఉండనీ" అంది.

రెండో నెల, ఆమె చిన్నగా పాడిన చోట్ల టేపులో గరగర తప్ప ఏమీ పడలేదు. విని, "నీ మిషన్ చెవిటిదన్నా" అంది, అన్న ముందర, మొగుడి అన్న ముందర. నాకు తల కొట్టేసినట్టయింది. బెంగళూరు వెళ్లి కొత్త మైకు తెచ్చాను. మూడో నెల ఆ మైకులో గుసగుస కూడా పడింది. బాగుందని ఆమె నోటితో అనలేదు. ఇవన్నీ నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

ఆ మూడో నెల పాటలో మొగుణ్ణి తిట్టింది. అలాంటి తిట్లు సంగీతంలో ఇముడుతాయని నేననుకోలేదు. అరుగు మీద మొగుడి అన్న అరటిపండు వలుస్తూ అలాగే ఆగిపోయాడు. పాట అయ్యాక, "మావాడు అంత చెడ్డోడు కాదులేమ్మా" అన్నాడు.

"నేనూ అంత మంచిదాన్ని కాదులే బావా. వచ్చే నెల అది కూడా పాడతా" అంది.

నిజంగానే పాడింది. అత్తను విసుక్కున్న రోజులు, కోపం తీర్చుకునేందుకు అన్నం వండకుండా పడుకున్న సాయంత్రాలు, అన్నీ అందులో పెట్టింది. ఆ తర్వాతి నెల పాటలో ఏడుపూ లేదు, తిట్టూ లేదు.

నీ కోసం తెరిచి పెట్టిన తలుపు
గాలొచ్చి కూచున్నాది, పోమంటే యాడికి పోతాది

చాలా అమావాస్యలు గడిచాక ఒకరోజు దుకాణంలో బేరం లేకపోతే, అప్పటిదాకా పట్టిన పాటలన్నీ వరసగా పెట్టుకుని విన్నాను. అంతకుముందు ఒక్కొక్కటిగా, టేపు సరిగా తిరుగుతోందా లేదా అని విన్నానే కాని వరసగా వినలేదు. మొదటి పాటలో పగిలిన గొంతు, చివరి పాటలో నిలబడిన గొంతు ఒకే మనిషివంటే ఎవరూ నమ్మరు. రాగం పెద్దగా మారలేదు. ఊపిరి తీసే తీరు మారింది. మొదట ఆమె ఎవరో వింటారని పాడుతోంది, మొగుడు విని వస్తాడని. పోను పోను వినేవాడు లేకుండా పోయాడు. పాడే మనిషి మాత్రం మిగిలింది. ఆ మొదటి పాటను నేను తుడిచేసి ఉంటే ఈ దూరం ఎవరికీ తెలిసేది కాదు. బస్టాండు అరుపుల మధ్య, టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదటినుంచి విన్నాను. చెట్టు పెరగడం ఎవరి కంటికీ కనబడదు. ఒక మనిషి పెరగడం ఆ రోజు నా చెవులతో విన్నాను.

ఆ తర్వాత ఆమె నుంచి కబురొచ్చింది. కడపటి పాట పట్టాలి, గురువారం రమ్మంది. క్యాలెండరు చూశాను. అమావాస్య కాదు. మంచి రోజు, ప్రయాణాలకు పనికొచ్చే రోజు. వెళ్లేసరికి వీధి వీధంతా మగ్గాలు మోగుతున్నాయి. మొగుడి అన్న ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద ఉన్నాడు. అతనికీ తనే కబురు పంపిందట. అన్న మొహం పాలిపోయి ఉంది. ఇన్నాళ్లూ ఆమెను కాపాడింది అమావాస్యేనని మా ముగ్గురికీ తెలుసు. దాన్ని ఆమె తన చేత్తో తీసి పక్కన పెట్టింది.

"ఈ చప్పుట్లో ఎట్ల పట్టేదమ్మా?" అన్నాను. "ఇన్ని నెలలు పడిన కష్టమంతా గంగపాలు. జనం నన్ను ఉమ్మేస్తారు."

"పడనీలే అన్నా చప్పుడు. పొద్దుగూకులూ నేనుండేది దాంట్లోనే గదా" అంటూ మగ్గం గుంతలోకి దిగి కూర్చుంది.

గొణుక్కుంటూనే మగ్గం తాడుకు మైకు వేలాడదీశాను. ఆమె నాడె విసిరింది. పక్క మగ్గం మీద అన్న అందుకున్నాడు. కంజిర లేదు. నాలుగైదు వరసలు నేశాక, చెయ్యి ఆపకుండా పాట ఎత్తుకుంది.

పిలిస్తే విన్నా, వినింది సాలు
లేసేది లేదు
ఈ అంచు నాది, ఈ కొంగు నాది
ఎవురు కట్టుకున్నా నేసింది నేనే

పలక దెబ్బ పడిన చోటల్లా మాట వచ్చి కూర్చుంది. చప్పుడు పాటను ముంచేస్తుందని భయపడ్డాను. ఆ చప్పుడే పాటను మోసింది. పక్కింటి మగ్గాలు కూడా, తెలిసో తెలియకో, ఆ లయలోకి వచ్చినట్టు నాకు వినిపించింది. టేపు ఆపాల్సిన చోట ఆపడం మరిచిపోయాను. నా వృత్తిలో నేను అలా మరిచింది అదొక్కసారే.

ఆమె నేత ఆపింది. మొగుడి అన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "పాటలు ముగిసినాయి గదా. ఇప్పుడేమంటావమ్మా?"

"చెప్తిని గదా బావా."

"పాటలో చెప్తివి. నోటితో చెప్పు."

ఆమె గుంతలోంచి లేవకుండానే తలెత్తి చూసింది. "నేను రాను బావా. అత్తకు బాగల్యాకుంటే ఇంకెవుర్నైనా చూసుకోండి. ఆమె మీద నాకు కోపం లేదు." అంతే. మళ్లీ నాడె అందుకుంది. తన మగ్గం మీద అన్న కూడా నేత మొదలుపెట్టాడు.

సాయంత్రం ప్యాసింజరు బండిలో మొగుడి అన్న నా ఎదురుగా కూర్చున్నాడు. ధర్మవరం దాటాక నెమ్మదిగా అన్నాడు: "ఏమబ్బా, ఆ కడపటి పాట తుడిచేయకూడదా? మిషన్ చెడిపోయిందని చెప్పు. పాటలు ముగియనట్టే గదా అప్పుడు. వచ్చే అమావాస్యకి మల్లా అడుగుతాం. అంతలో మనసు మారొచ్చు."

నేను పెట్టె మీద చెయ్యి వేశాను. "నా మిషన్ చెడిపోదన్నా."

"నిన్ను చెవిటి మిషనోడు అనింది గదప్పా ఆమె. నేనూ వింటిని. నీకెందుకంత ఇది?"

"మిషన్‌ను అనింది, నన్ను కాదు" అన్నాను. "తుడిచేది లేదు."

అతను కిటికీ వైపు తిరిగాడు. పెనుకొండ కొండ కనబడుతుండగా, "అయితే ఇంకొకసారి వినిపీ" అన్నాడు.

బ్యాటరీల మీద టేపు పెట్టాను. బోగీలోని జనం మాటలు ఆపారు. వేరుశెనక్కాయలు అమ్మే ఆమె బుట్ట దించి నిలబడింది. పాట సగంలో ఉండగా పెనుకొండ వచ్చింది. అతను దిగాడు కాని వెళ్లిపోలేదు. ప్లాట్‌ఫారం మీద నా కిటికీ దగ్గరే చువ్వ పట్టుకుని నిలబడి విన్నాడు.

"మా అమ్మకు ఏమని చెప్పేదప్పా?" అన్నాడు.

బండి కదిలింది. అతను చువ్వ వదలకుండా నాలుగడుగులు నడిచి, వదిలాడు. నేను శబ్దం తగ్గించలేదు.