రోదసిలో జూమ్ బాబాయి

పెళ్లి వీడియోలు తీసే ఆ మనిషిని పెద్దాచిన్నా అంతా జూమ్ బాబాయి అనే పిలిచేవారు. పెళ్లికూతురు బయల్దేరే వేళ తల్లి కంట నీరు ఊరిందంటే చాలు, ఆయన వేలు దానంతటదే జూమ్ మీట మీదికి పోయేది. ఆ చెమ్మ తెరంతా నిండేదాకా వదిలేవాడు కాదు. సొంత పెళ్లిలోనూ మధ్యలో లేచివెళ్లి కెమెరా సరిచేసి వచ్చాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఇన్నేళ్లు ఊళ్లోవాళ్లకు తీసిన వీడియోల్లో ఆయన మాత్రం ఒక్కదాంట్లోనూ కనబడడు.

ఆయన అన్నకూతురు సినిమా తలపెట్టింది. ముగ్గురు రోదసిలోకి వెళ్తారు. ప్రాణాలతో ఒక్కరూ లేని ఓడ తిరిగొస్తుంది. అందులోని కెమెరాలో దొరికిందే సినిమా. వెనకటికి సముద్రంలో ఓడ మునిగితే సీసాలో చీటీ ఒడ్డుకు కొట్టుకొచ్చేదట. మనిషి పోయినా మాట చేరాలన్న యావ పాతదే, సీసా మారిందంతే. చేతిలో డబ్బు ఆడక, మూతబడ్డ కోల్డ్ స్టోరేజీలో ఒక గదికి వెండిరంగు కాగితం అంటించి అదే రోదసినౌక అన్నారు. మీటలు పాత వాషింగ్ మెషీన్లవి. ఆఖరున ప్రాణం విడిచే వ్యోమగామి బాబాయి భార్యే. "చావడానికి నేనే దొరికానా మీకు?" అంటూనే ఒప్పుకుంది.

చివరి షాటు మిగిలింది. సాయంత్రానికి గది అప్పజెప్పాలి. పొగడబ్బా ఒక్కటే ఉంది. రెండో టేకు ఆశ లేదు. స్టాండు కాలు వదులు కాబట్టి కెమెరాను ఎవరో ఒకరు పట్టుకోక తప్పదు.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా. పిన్ని పోయాక ఓడలో ఇంక మనిషన్నవాడే లేడు. కెమెరా గోడకి తగిలించినట్టుండాలి. కదపకు."

"రాయిలా ఉంటానమ్మా."

"రాయికి వేళ్లుండవు," అంది భార్య హెల్మెట్‌లోంచి.

పొగ లేచింది. ఆవిడ గోడకు జారగిలబడి, రాసివ్వని మాట ఒకటి అనేసింది: "ఇంటికెళ్లి గ్యాస్ కట్టేశానో లేదో చూడండి."

గడప దాటిన ప్రతిసారీ అనే మాటే అది. ఆవిడ చెంప మీదికి ఒక చుక్క జారింది, కళ్లు మూతబడ్డాయి. తెర మీద ఆ చుక్క మెల్లగా పెద్దదవుతూ వచ్చింది.

"కట్! అందరూ చచ్చాక జూమ్ చేసిందెవడు బాబాయ్?"

బాబాయి తన వేలిని పరాయివాడి వేలిలా చూసుకున్నాడు. "నిజంగానే ఏడ్చింది కదమ్మా..."

"పొగకి," అంది భార్య.

పిల్ల తల పట్టుకుని, తీసినదాన్ని ఒకసారి వేసి చూసింది. మళ్లీ చూసింది. చేతి మీద వెంట్రుకలు లేచాయి. కెమెరా సర్దేసింది.

మొదటి ఆట మడతకుర్చీల హాల్లో వేశారు. ఆ జూమ్ మొదలవగానే జనం మెడలు చాచి తెర మూలల్లో వెతికారు. ముందు వరసలో ఎవడో అరిచాడు: "ఒరేయ్, లోపల ఇంకెవడో ఉన్నాడ్రా!"

సినిమా చెడగొట్టానని అన్నాళ్లూ కుమిలిన బాబాయి కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు. చివర పేర్లు పడ్డాయి. నటించినవాళ్లలో ముగ్గురి తరవాత నాలుగోది: ఓడలో మరొకరు, జూమ్ బాబాయి.

భార్య మోచేత్తో పొడిచింది. "ఇందులోనూ కనబడలేదు కదండీ మీరు!"

"వెతికారు కదే," అన్నాడాయన.