అన్న నేర్పిన ఆఫీసు ఇంగ్లీషు

జిన్నారం దగ్గరి మందుల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో నాకు రసాయనాల పేర్లన్నీ ఇంగ్లీషులో వచ్చు. తీరిక లేదని చెప్పడమే రాదు. తెలుగు మీడియంలో బీఎస్సీ చదివినదాన్ని. ఒక పని మధ్యలో ఉండగా ఇంకొకరు వచ్చి ఇంకో పని చెబితే "సరే సార్" అనేదాన్ని. రెండూ చెడగొట్టి ఇద్దరిచేతా చీవాట్లు తినేదాన్ని.

నా అవస్థ చూసి ఇంగ్లీషు నేర్పింది మా సెక్షన్ ఇన్‌చార్జి. ఆయనది మా పక్క ఊరే. పటాన్‌చెరులో ఒకే కంపెనీ బస్సు ఎక్కేవాళ్లం. మొదటి రాఖీ పండక్కి ఆయన చేతికి రాఖీ కట్టి, సార్ అనడం మానేసి అన్నా అనడం మొదలుపెట్టాను.

"చెల్లె, పని గాలేదని ఎవ్వనికి జెప్పకు. 'ఐ హావ్ ఎ లాట్ ఆన్ మై ప్లేట్' అను, చేతినిండ పనున్నదని. ఇగ నిన్ను ఎవ్వడు ఏమనడు" అన్నాడొకరోజు క్యాంటీన్లో.

"నా ప్లేట్ల పప్పన్నం తప్ప ఏమున్నదన్నా?"

ఆయన పొలమారేంతగా నవ్వాడు. ఆ తర్వాత బస్సులో రోజుకో మాట చొప్పున పాఠం నడిచింది. ఎవరైనా పిలిస్తే వెళ్లడం ఇష్టం లేకపోతే 'టైడ్ అప్'. రోజంతా కనిపించకుండా పోవాలంటే 'బ్యాక్ టు బ్యాక్ మీటింగ్స్'. గడువు మీద పడితే 'రేసింగ్ అగైనెస్ట్ ద క్లాక్'. నేను వాటిని చేతి పుస్తకంలో తెలుగు లిపిలో రాసుకుని స్నానాల గదిలో వల్లె వేసేదాన్ని. నిజం చెప్పొద్దూ, అవి పనిచేశాయి. "టైడ్ అప్ సార్" అని మొదటిసారి అన్నప్పుడు స్టోర్స్ మేనేజరు మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. అంత మర్యాద నాకు ఆ ఫ్యాక్టరీలో అంతకుముందు దొరకలేదు.

నాకు కావలసింది మాత్రం ఒక్కటే, పర్మనెంట్. మూడేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాను. ఉద్యోగం పర్మనెంట్ అయితే ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి ఒడిబియ్యం పోస్తానని మా అమ్మ మొక్కుకుంది. అడిగినప్పుడల్లా అన్న "ఇట్స్ ఇన్ ద పైప్‌లైన్" అనేవాడు, దారిలోనే ఉందని. మేం పనిచేసే షెడ్డులో పైకప్పు నిండా పైపులే. ఆవిరిదొకటి, నీళ్లదొకటి, గాలిదొకటి. వీటిలో నాది ఏదో చెప్పన్నా అని ఆటపట్టించేదాన్ని. ఆయన మీద అనుమానం ఉంటే అలా నవ్వగలిగేదాన్నా?

ఒక మధ్యాహ్నం లారీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. సాయంత్రానికల్లా సరుకు వెళ్లాలి. డ్రయ్యరులో పొడి ఆరుతోంది. గంట గంటకూ దాని వేడి చూసి బ్యాచ్ రికార్డులో రాయడం నా పని. ఏ గంటది ఆ గంటకే రాయాలి, తర్వాత రాస్తే దొంగ రాతేనని మాకు మొదటి రోజే చెబుతారు. కానీ ఆ రోజు లేబుళ్లు అంటించడానికి మనుషులు చాలడం లేదని అన్నే నన్ను ప్యాకింగ్ హాలుకు పంపించాడు. తిరిగి వచ్చేసరికి మూడు గడులు ఖాళీగా ఉన్నాయి.

"నింపెయ్ చెల్లె. ఎప్పుడూ యాభై రెండే గదా ఉంటది. డెడ్‌లైన్ మీదున్నం, లారీ ఆగదు. ఏమన్నయితే నేను సూస్కుంట" అన్నాడు.

నింపాను. మూడు గడుల్లో మూడు యాభై రెండ్లు.

నెల తర్వాత సరుకు కొన్న కంపెనీ ఆడిటర్లు వచ్చారు. వాళ్లలో ఒకాయన మా రికార్డు పక్కన జనరేటర్ గది పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. నేను నింపిన గడుల్లో ఒకటి రెండు గంటలది. ఆ మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి ముప్పావుగంట సేపు కరెంటు లేదు. జనరేటర్ మీద లైట్లు వెలుగుతాయి గానీ డ్రయ్యరు నడవదు. కిటికీ లేని ప్యాకింగ్ హాలులో ఉన్న నాకు కరెంటు పోయిన సంగతే తెలియలేదు. ఆగిపోయిన డ్రయ్యరుకు నేను యాభై రెండు డిగ్రీలు రాశాను.

సంజాయిషీ రాయమన్నారు. అన్న నన్ను పక్క గదికి తీసుకెళ్లి, తెల్ల కాగితం ముందు పెట్టి, ఇంగ్లీషులో ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పాడు. గడువు దగ్గరపడి గడియారంతో పోటీ పడుతూ, పని ఎక్కువై, నా అంతట నేనే నింపానని. 'ఆన్ మై ఓన్' అన్న చోట నా పెన్ను ఆగింది.

"అన్నా, నువ్వే గదా రాయమన్నది?"

"ఇద్దరం పోతే లోపలుండి నిన్ను ఎవరు కాపాడుతరు చెప్పు? నువ్వు గిట్ల రాయి. వార్నింగుతోని పోతది. నీ పర్మనెంట్ సంగతి నేను సూస్కుంట."

రాశాను. ఒక్క స్పెల్లింగు కూడా తప్పు పోలేదు. కాగితం ఆయన చేతికిస్తూ "థాంక్యూ అన్నా" అన్నాను. ఆ థాంక్యూ గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సోమవారం హెచ్చార్ ఆఫీసుకు రమ్మన్నారు. భయమేసి వరండాలోంచి అన్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. బ్యాక్ టు బ్యాక్ మీటింగ్స్ అని మెసేజి వచ్చింది. పాపం, నా కోసమే ఎవరితోనో మాట్లాడుతున్నాడేమో అనుకున్నాను. లోపల హెచ్చార్ ఆయన నా కాగితం చూపించి, "గిది నీ అంతట నువ్వే చేసినవా? ఎవరన్న చెయ్యమన్నరా? ఉంటే ఇప్పుడే చెప్పమ్మా" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ "ఎవ్వరు చెప్పలే సార్" అన్నాను. కాంట్రాక్టు అక్కడితో ముగిసిందని చెప్పి గేటు పాసు తీసుకున్నారు.

బయటికి వస్తుంటే క్యాంటీన్ రేకుల షెడ్డు కింద ఆయన టీ తాగుతూ కనిపించాడు. పక్కన ఎవరూ లేరు. నన్ను చూసి ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. ఒక్క మాటా మాట్లాడకుండా ఊరికే తల ఊపుతుంటే అవతల ఎవరూ లేరని అర్థమైంది. అప్పుడు గానీ నాకు మొత్తం సమజు కాలేదు. ఒళ్లు మండింది. దగ్గరికెళ్లి నిలబడి, "అన్నా, ఎవ్వరు చెప్పలేదని చెప్పొచ్చిన" అన్నాను.

ఆయన ఫోన్ దించలేదు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, అటు తిరిగాడు. అన్నీ తెలిసి కూడా, సిగ్గులేకుండా, ఆ నిమిషం అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.