యానాం రేవులో చేతుల మీద వచ్చిన కబురు

మొన్న మీరు వీడియో కాల్ చేసినప్పుడు బొమ్మ కనపడుతోంది గానీ మాట రావట్లేదని, చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఆడించి పెట్టేశారు చూడండి, ఆ తర్వాత నేనూ మీ పిన్నీ ఎంతసేపు నవ్వుకున్నామో. పిల్లలకి సగం భాష దానంతటదే వచ్చేసింది, మిగతా సగం సెలవులకొస్తే నేను నేర్పుతానంది మీ పిన్ని, చేతులతోనే. మీరు అంత దూరాన పెరిగారు కదా, మీ పిన్ని డిగ్రీ పాసైన రోజు సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. మీ అమ్మమ్మని, నేనే చెప్తాను, తీరిగ్గా వినండి.

మీ పిన్నికి రెండో ఏట పెద్ద జ్వరమొచ్చి చెవులు పోయాయి. సైగలు చెయ్యనిస్తే ఇంక నోటిమాట రాదని ఎవరో పెద్దవాళ్ళు చెబితే, నేనది గట్టిగా పట్టుకుని, అది చెయ్యెత్తినప్పుడల్లా రెండు చేతులూ తీసుకుని ఒళ్ళో పెట్టేసుకునేదాన్ని. నోటిమాట ఎలాగూ రాలేదు. మా ఇద్దరికీ మిగిలిందల్లా అరచేతిలో వేలితో రాసుకోవడం. అన్నం తిన్నావా, జడేస్తా రా, ఇలాంటివే. అరచేతిలో అంతకంటే పెద్ద మాటలు పట్టవు కదమ్మా.

అయినా చదువు మాత్రం వదల్లేదది. కాకినాడలో బీకాంలో చేరింది. మేష్టారు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్తుంటే దీనికి ఆయన వీపు తప్ప ఏం అందుతుంది చెప్పండి. రెండో ఏడు స్టాటిస్టిక్స్ పోయింది. మీ తాతయ్య కోపిష్టి కాదు గానీ భయస్థులు. ఆ పేపరు మళ్ళీ పోతే చదువు మానిపించేసి, ఇంటిపట్టున కుట్టుమిషను కొనిపెడదామని నాతో అనేసి, దాని మొహం చూడకుండా పొలం వెళ్ళిపోయారు. ఆ మాట దాని అరచేతిలో రాయాల్సొచ్చింది నేనే.

అప్పట్లో యానాం దగ్గర గోదావరి మీద వంతెన లేదు. అవతల నుంచి ఇవతలికి పంటు మీద దాటాల్సిందే. బస్సులు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, అన్నీ ఆ పంటు మీదే. కాకినాడ వైపు వాళ్ళకీ, మా కోనసీమ వైపు వాళ్ళకీ సరిగ్గా మధ్యనుందని, వినపడని పిల్లలంతా ఆదివారం ఆదివారం యానాం రేవులో కలిసేవాళ్ళు. డిగ్రీ అయిపోయినవాళ్ళు కొందరు, చదువుతున్నవాళ్ళు కొందరు. వాళ్ళలో ఒక పద్ధతుండేది. ఎవరు ఏ పేపరు పాసైతే వాళ్ళు ఆ పేపరు ఇంకో ఇద్దరికి చెప్పి తీరాలి. కాలేజీలో అందని పాఠం వీళ్ళకి ఆ రేవు మెట్ల మీద అందేది. మీ పిన్నికి స్టాటిస్టిక్స్ చెప్పింది రామచంద్రపురం కుర్రాడు, మీ బాబాయి. అప్పటికింకా బాబాయి కాదులెండి.

మా ఆడపడుచు ఊరుకుంటుందా. "ఆదివారం ఆదివారం యానాం వెళ్ళేవాళ్ళు దేనికెళ్తారో ఊళ్ళో అందరికీ తెలుసు వదినా, మన పిల్ల చవక మందు సీసాలేం మోసుకురావట్లేదు కదా," అని వాకిట్లో నిలబడి అంది. దాంతో ఆ ఏడాదంతా నేనూ తోడు వెళ్ళాను. జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఓ పక్కన కూర్చునేదాన్ని. ఇంట్లో దించిన తల ఎత్తని పిల్ల అక్కడ ఎంత వాగుడుకాయో తెలుసా. అడ్డుపడేది, వెక్కిరించేది, పొట్ట పట్టుకుని నవ్వేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నేర్పమని అడగడానికి మొహం చెల్లేది కాదు, ఆ చేతుల్ని పట్టి ఆపింది నేనే కదా.

పోయిన స్టాటిస్టిక్స్‌తో కలిపి డిగ్రీ రిజల్ట్స్ ఓ ఆదివారం పేపర్లో పడ్డాయి. మా ఊరికి పేపరు కూడా పంటు దాటే రావాలి, వచ్చేసరికి పొద్దెక్కిపోతుంది. ఆగలేక మేమే బయల్దేరాం. పంటు సగం ఏరు దాటేసరికి అవతలి రేవులో గుంపుగా మనుషులు. మొహాలు ఆనవాలు దొరకనంత దూరం. ఇంజను మోతకి పక్కవాళ్ళ మాటే వినపడదు. ఆ గుంపులోంచి ఒకడు చంకలో పేపరు ఇరికించుకుని మెట్టు మీదికెక్కి రెండు చేతులూ ఆడించాడు. మీ పిన్ని అటే చూసింది. చూసి, కొబ్బరి బస్తా మీద కూలబడి మొహం కప్పేసుకుంది.

పోయిందనుకున్నాను. కుట్టుమిషను కళ్ళ ముందు కదిలింది. అవతల వాళ్ళంతా చేతులూపుతూనే ఉన్నారు. కబురు గోదావరి దాటి వచ్చేసింది, దాని ఒళ్ళోకి చేరిపోయింది, పక్కనే నిలబడ్డ నాకు మాత్రం తెలియలేదు. ఏం కాదే, ఏం కాదే అని, వినపడదని తెలిసీ నోటితో అంటూ వీపు నిమిరాను. అప్పుడది చేతులు తీసింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. నా అరచెయ్యి లాక్కుని రాసింది, ఫస్ట్ క్లాస్ అని.

దిగేసరికి వాళ్ళంతా దాని చుట్టూ మూగి రెండు వేళ్ళు చూపిస్తున్నారు. ఆ సైగ ఒక్కటీ నాకు తెలిసింది. ఇద్దరికి చెప్పాలి. అమలాపురం నుంచి వచ్చే ఓ పిల్ల గబగబా చెయ్యెత్తింది. నేను మీ పిన్ని అరచెయ్యి తీసుకుని, "రెండోది నేను. నాకు పేపరొద్దు, ఈ మాటలు చెప్పు," అని రాశాను. పొడుగు వాక్యం కదా, మోచేతి దాకా పాకింది. అది చదువుకుని, నా రెండు చేతులూ పట్టుకుని పైకెత్తింది.

ఆ పై ఆదివారం మీ తాతయ్య వాళ్ళందరినీ భోజనానికి పిలిచారు. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, పూర్ణాలు. చేత్తో కలుపుకుంటే మాట ఆగిపోతుంది, మాట మొదలెడితే ముద్ద ఆగిపోతుంది, ఆ పంక్తి లేచేసరికి రెండు గంటలు పట్టింది. ఒకళ్ళనొకళ్ళు పిలవడానికి లైటు ఆర్పి వెలిగిస్తుంటే, మీ తాతయ్య వోల్టేజీ గొడవనుకుని రెండుసార్లు ఫ్యూజు చూసొచ్చారు. మా ఆడపడుచే వడ్డించింది. ఎవరో చేత్తో అంటే నన్ను అడిగింది, ఏమంటున్నాడని. పప్పు బాగుందంటున్నాడన్నాను. ఉప్పు తక్కువన్నాడేమో, నాకేం తెలుసు.

తర్వాత మీ పిన్నికి కాకినాడలో గవర్నమెంటు ఉద్యోగమొచ్చింది, మీ బాబాయి డ్రాయింగ్ మేష్టారయ్యారు, ఆ మెట్ల మీద చదివినవాళ్ళు ఏదో ఒక ఆఫీసులోనో బడిలోనో కుదురుకున్నారు. ఏటా రిజల్ట్స్ వచ్చాక పాసైనవాళ్ళకి ఆ రేవులోనే దండలేసేవాళ్ళు.

ఆ తర్వాత వంతెనొచ్చింది, పంటు పోయింది. ఇప్పటి పిల్లలు ఫోన్లోనే చేతులాడించి పాఠాలు చెప్పేసుకుంటున్నారు, ఎవరింట్లో వాళ్ళుండి. మంచిదే, ఎండలో రేవు దాకా రానక్కర్లేదు. బస్సు వంతెనెక్కేటప్పుడు మాత్రం, అప్పటిదాకా ఆఫీసు కబుర్లు చెప్తున్న మీ పిన్ని చేతులు ఆపేసి, కిటికీలోంచి ఆ మెట్ల వైపు చూస్తుంది. ఎవరూ ఉండరు. అవతలి ఒడ్డు వచ్చేదాకా నేనూ అటే చూస్తాను.