కొండలు చూడబోయిన ముత్తమ్మ

రైలెక్కాలన్న కోరిక ముత్తమ్మకు ఎన్నడూ లేదు. ఆ కోరిక ఆమె భర్త అబ్రహాం పంతులుది. సూర్యాపేట మిషన్ బడిలో ఆయన పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు భూగోళం చెబుతున్నాడు. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు నల్లమల కొండల్లో ఎక్కడ మెలిక తిరుగుతుందో, ఎక్కడ కొండను తొలిచిన సొరంగంలోకి దూరుతుందో, ఏ లోయ మీద వంతెన దాటుతుందో సుద్దముక్కతో నల్లబల్ల మీద గీసి చూపేవాడు. తాను మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. "ఎప్పటికన్న నిన్ను తోల్కపోయి సూపిస్త" అని పెళ్లైన కొత్తలో అన్నాడు. అప్పుడామెకు పద్నాలుగేళ్లు. రైలంటే ఏమిటో తెలియకపోయినా తలూపింది.

ఆ తర్వాత ఆమెకు తలెత్తే తీరిక దొరకలేదు. పుట్టిల్లు మోతె. ఎనిమిదో ఏటనే నాట్లకు వంగిన నడుము అత్తింటికి వచ్చాక కూడా లేవలేదు. పంతులు జీతం ఇంటికి చాలేది కాదు. తెల్లవారక ముందే నీళ్లు మోసి, బడి ఊడ్చి, పొద్దంతా కూలికి పోయి వచ్చేది. ఇద్దరు పిల్లలను మట్టిలో పెట్టింది. మిగిలిన ఒక్క బిడ్డను త్రిపురారం ఇచ్చి పెళ్లి చేసింది. అత్త మంచాన పడితే ఆరేండ్లు ఎత్తి దించింది. దాని మీద రజాకార్ల కాలం వచ్చింది. గుర్రాల చప్పుడు వినబడితే చాలు, ఆడవాళ్లంతా జొన్నచేలల్లోకి పరుగెత్తేవారు. ఏడాదిన్నర పాటు ఆమె చెవులు నిద్రపోలేదు. పోలీసు చర్య అయిపోయింది, రజాకార్లు పోయారు. కానీ చిన్న చప్పుడుకు లేచి కూర్చునే అలవాటు మాత్రం ఆమెను వదలలేదు.

నలభై తొమ్మిది ఎండకాలంలో అత్త కన్నుమూసింది. ఆ దసరాకు బడికి పదిరోజులు సెలవులిచ్చారు.

"ఇప్పుడు గాకపోతె ఇగ పోలేం ముత్తమ్మా" అన్నాడు అబ్రహాం.

కాదని వాదించడం కంటే సరేననడమే తక్కువ అలసట అనిపించింది ఆమెకు. జొన్నరొట్టెలు చేసింది, సత్తుపిండి మూట కట్టింది, తొక్కు సీసాకు గుడ్డ బిగించింది.

వాళ్లెక్కింది బొగ్గు బస్సు. వెనక పెద్ద పొయ్యి, దాంట్లో బొగ్గు రాజుకుంటేనే కదిలేది. మునగాల దాటగానే వాన అందుకుంది. పొయ్యి రెండుసార్లు చల్లారింది. కోదాడ చేరేసరికి పొద్దు వాలింది. ముందున్న వాగు రోడ్డు మీదికి వచ్చిందని డ్రైవర్ లక్ష్మయ్య చేతులెత్తేశాడు.

"ఎప్పటికి తగ్గుతదన్నా?" అనడిగాడు అబ్రహాం.

"వాగునడుగు పంతులూ, నన్నడిగితే నేనేం చెప్తాను?" అన్నాడు లక్ష్మయ్య, తడిసిన బొగ్గు సంచి కిందికి దించుతూ.

కోదాడలో రెండు రోజులు సత్రం అరుగు మీద గడిచాయి. పైకప్పు కారుతుంటే ముత్తమ్మ మూటలను ఆ మూల నుంచి ఈ మూలకు జరుపుతూ కూర్చుంది. పక్కన ఎవరిదో పసిబిడ్డ ఏడిస్తే ఎత్తుకుంది. అరుగంతా బురదైతే సత్రం చీపురు అడిగి తెచ్చి ఊడ్చింది. "ఈడ గూడ ఊడుస్తున్నవా?" అన్నాడు అబ్రహాం నొచ్చుకుంటూ. "చేతులు ఊకుంటయా?" అంది ఆమె.

వాగు తగ్గాక బెజవాడ చేరారు. అప్పటికి వాళ్ల రైలు పోయింది. మర్నాటి రైలు మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. గుంటూరులో మరో రోజు. ఆరో రోజున నంద్యాల బండి దొరికింది. నిలబడ్డానికి చోటు లేదు. మార్కాపురం దాటాక దూరాన నీలంగా ఒక గీత కనబడగానే అబ్రహాం మొహం వెలిగింది. "అగో, నల్లమల!" అని ఆమె భుజం తట్టాడు. మనుషుల మధ్య నలుగుతూ ముత్తమ్మ ఆ వైపు చూసింది. ఇంకాసేపటికి బండి ఒక చిన్న స్టేషన్లో ఆగింది. ఆగింది ఆగినట్టే ఉండిపోయింది.

గంట తర్వాత స్టేషన్ మాస్టరు గొడుగేసుకుని పెట్టె పెట్టెకూ వచ్చి చెప్పాడు. "ముందు ఘాట్లో కొండచరియ జారి పట్టాల మీద పడిందండీ. మన్ను తీస్తున్నారు. రేపంటున్నారు, ఎల్లుండి కూడా కావచ్చు. ఆడవాళ్లు, పిల్లలు దిగి లోపల కూర్చోండి."

జనం గొణిగారు, తిట్టారు, కొందరు మూటలెత్తుకుని ఎడ్లబండ్లు వెతుక్కుంటూ పోయారు. అబ్రహాం అందరినీ అడిగిందే అడుగుతూ ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాడు. ముత్తమ్మ వేపచెట్టు పక్క రేకుల కింద ఉన్న బల్ల మీద కూర్చుంది.

కూర్చున్నాక ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. ఊడ్చేందుకు స్టేషన్‌కు మనిషి ఉన్నాడు. కొళాయి దగ్గర నీళ్లు పడుతున్నాయి, మొయ్యనక్కర్లేదు. వండుదామంటే పొయ్యి లేదు. ఆమె పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు. గుర్రాలు లేవు, జొన్నచేలు లేవు. కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. మూట తలకింద పెట్టుకుని, ఒక్క క్షణం నడుము వాల్చుదామని పడుకుంది.

సత్తుపిండి తిందామని అబ్రహాం వచ్చి పిలిస్తే ఆమె పలకలేదు. భుజం తట్టబోయి ఆగాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె పగటిపూట కళ్లు మూసుకోవడం ఆయన చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. గూడ్సు ఇంజను ఒకటి కూత పెడుతూ పక్కనే పోయింది. ఆమె కదల్లేదు. అబ్రహాం పై కండువా తీసి ఆమె కాళ్ల మీద కప్పి, కింద కూర్చున్నాడు.

మర్నాడు కూడా అంతే. లేచి రెండు ముద్దలు తిన్నది, నీళ్లు తాగింది, మళ్లీ పడుకుంది. "జ్వరమా ఏమిటండీ?" అని స్టేషన్ మాస్టరు నుదురు ముడిచాడు. "జ్వరం గాదు సారూ, అలసట" అన్నాడు అబ్రహాం.

ఎనిమిదో రోజు, శనివారం పొద్దున ముత్తమ్మ తనంతట తానే లేచింది. ఒళ్లు తేలిగ్గా ఉంది, తల మాత్రం దిమ్ముగా ఉంది. చూస్తే అబ్రహాం మూటలు కడుతున్నాడు.

"బండి కదులుతున్నదా?"

"పట్టాలు బాగైనయట. పన్నెండింటికి ముందుకు పోతది. మనం పోయేది గుంటూరు బండికి. సోమవారం బడి తెరుస్తరు. ముందుకు పోతె బుధవారం దాక ఇల్లు చేరం."

ఆయన తల ఎత్తకుండా ముడి బిగిస్తున్నాడు. ముత్తమ్మ ఆ చేతులను చూసింది, మొహాన్ని చూసింది. రెండు రోజులుగా గీయని గడ్డం సగం తెల్లగా ఉంది. కళ్ల కింద గుంటలు. ఈయన ఎప్పుడు ఇంత ముసలాడయ్యాడు? తన అలసటలో పడి ఇన్నేళ్లూ ఆయన మొహం సరిగ్గా చూడనే లేదనిపించింది ఆమెకు.

"నువ్వు పండుకున్నవా?" అని అడిగింది.

"నాకు నిద్ర రాలే."

ముత్తమ్మ ఆయన చేతిలోంచి మూట తీసుకుంది. "రజాకార్ల భయానికి బడి మూన్నెల్లు మూసుకున్నది గద. రెండు దినాలు నువ్వు లేకుంటె ఏమైతది? ముందుకే పోదాం."

"మిషన్ దొరకు ఏం జెప్పాలె?"

"వాన పడ్డదని చెప్పు. అబద్ధం గాదు గద."

అబ్రహాం మూటలను మళ్లీ నంద్యాల బండిలోకే ఎక్కించాడు. ఆమె ఎన్నడూ దేనికీ ముందుకే పోదామన్న మనిషి కాదు.

బండి కదిలింది. జనం పలచబడ్డారు, కిటికీ పక్కన చోటు దొరికింది. కొండలు దగ్గరికి వచ్చాయి. కొండలతో పాటు మబ్బు కూడా వచ్చింది. ఘాట్ ఎక్కే సరికి కిటికీ అవతల పాలు ఒలకబోసినట్టు తెల్లటి పొగమంచు తప్ప ఏమీ లేదు. పట్టాల పక్కన కుప్పపోసిన ఎర్రమన్ను, తడిసిన కూలీలు నలుగురు కనబడ్డారు. సొరంగం చీకటిగా వచ్చింది, చీకటిగా పోయింది. వంతెన మీద చక్రాల చప్పుడు మారితే అబ్రహాం లేచి నిలబడి, "ఇదే, ఇదే! కింద పెద్ద లోయ ఉంటది" అన్నాడు. ముత్తమ్మ వంగి చూసింది. లోయ కూడా తెల్లగానే ఉంది.

అబ్రహాం కూలబడ్డాడు. "ఏం కనబడకపాయె ముత్తమ్మా" అన్నాడు చిన్నపిల్లాడిలా.

ముత్తమ్మ ఆయన పక్కకు జరిగింది. "ఇటు ఒరుగు జర" అని తన భుజం చూపింది. మొదట సిగ్గుపడి చుట్టూ చూశాడు. దిగువన అడవి దాటి నంద్యాల మైదానాల్లోకి బండి దిగేసరికి పంతులు ఆమె భుజం మీద గుర్రు పెడుతున్నాడు. భుజం తిమ్మిరెక్కినా ముత్తమ్మ కదపలేదు.

నంద్యాలలో ఒక పూట ఉండి, రాత్రి బండి పట్టుకుని వెనుదిరిగారు. తిరుగుదారిలో కొండలు చీకట్లోనే దాటిపోయాయి. ఇల్లు చేరేసరికి బుధవారం కాదు, గురువారమైంది. మిషన్ దొర అబ్రహాంను నిలబెట్టి మందలించాడు, నాలుగు రోజుల జీతం కోశాడు. ఆ ఏడు భూగోళం పాఠం దగ్గరికి వచ్చినప్పుడు ఆయన బల్ల మీద కొండలు గీశాడు, సొరంగం గీశాడు. ఒక పిల్ల లేచి, "మీరు సూసిండ్రు గద సార్, ఎట్లుంటయి?" అంటే, "మంచు పట్టె బిడ్డా, నాకు కనబడలే" అని ఉన్నమాట చెప్పాడు.

ముత్తమ్మ శుక్రవారం నాడే మోతె వైపు చెలకలకు పల్లికాయ పీకడానికి పోయింది. కూలి తప్పలేదు, నీళ్లు మోయడం తప్పలేదు. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. ఆదివారం ప్రార్థన గుడి నుంచి వచ్చి అన్నం తిన్నాక ఆమె చాప పరుచుకుని పడుకునేది. ఇరుగుపొరుగు వింతగా చూసినా లెక్క చెయ్యలేదు. ఆ కాసేపు వాకిట్లో ఎవరు పిలిచినా అబ్రహామే పోయి, గొంతు తగ్గించి మాట్లాడి పంపేవాడు.