నలభై ఒకటో రిఫరెన్సు

ఆ వేసవిలో జర్నల్ నుంచి వచ్చిన మెయిల్‌లో రెండే వాక్యాలున్నాయి. మీ పత్రం బాగుంది, కానీ రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు. పదిహేను రోజుల్లో సరిచేసి పంపండి.

అప్పుడు నేను భూపాలపల్లి డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తున్నాను. సెలవులివ్వగానే తోటి అధ్యాపకులంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. నేను అద్దె గదిలో ఉండిపోయాను. మా తండా మహబూబాబాద్ జిల్లాలో, దంతాలపల్లి దగ్గర. అక్కడికి వెళ్తే ఈ పని సాగదని తెలుసు. అడిగినవాళ్లకు ఏం చేస్తున్నానో చెప్పడానికి మా ఇంటి భాషలో నాకు మాటలు దొరకవు కూడా.

మొత్తం అరవై మూడు రిఫరెన్సులు. రచయిత ఇంటిపేరు ముందు రావాలి, తర్వాత పొడి అక్షరాలు. జర్నల్ పేరు కుదించి, వాలు అక్షరాల్లో రాయాలి. సంపుటి సంఖ్య ముదురుగా ఉండాలి. పేజీల మధ్య పొడుగు గీత ఉండాలి, పొట్టి గీత పనికిరాదు.

మా గైడ్‌కు ఫోన్ చేశాను. పీహెచ్‌డీలో నాకు దారి చూపింది ఆయనే, ఈ పత్రంలో రెండో పేరూ ఆయనదే.

"సాఫ్ట్‌వేర్ల వెయ్యమ్మా. గంటల అయిపోతది" అన్నారు.

వేశాను. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుందని దానికి తెలియదు. చివరి మాటనే ఇంటిపేరు అనుకుని మన పెద్దవాళ్లందరినీ తలకిందులు చేసింది. అందరినీ మళ్లీ చేత్తోనే సరిచేయాల్సి వచ్చింది. కామాలు తప్పకుండా ఒక్కొక్క పేరూ పైకి చదువుకునేదాన్ని. పొద్దున పాలప్యాకెట్ అడగడం తప్ప ఆ రోజుల్లో నా నోటి నుంచి వచ్చిన మాటలు ఆ పేర్లే. ఎక్కడివాళ్లో, ఎప్పటివాళ్లో. కొందరి పేర్లు ఎలా పలకాలో కూడా తెలియదు.

నలభై ఒకటో దాని దగ్గర ఆగిపోయాను. అది అచ్చు కాని ఎంఫిల్ థీసిస్. చెరువు నీళ్లు తగ్గాక బురద మీద పాకే ఒక ఆకుకూర గురించి నా పత్రం. మా తండా ఆడవాళ్లు దాన్ని పప్పులో వేస్తారు. ఆ మొక్కను ఈ ప్రాంతంలో మొదట జనగామ చెరువుల్లో చూశారని అందరూ రాస్తారు, రుజువుగా ఆ థీసిస్‌నే చూపిస్తారు. నా మొదటి వాక్యం కూడా అదే. జర్నల్ వాళ్లు పేజీ నంబరు అడిగారు. నా దగ్గర లేదు. నేను మా గైడ్ థీసిస్ చూసి ఎత్తి రాశాను. ఆయనకు ఫోన్ చేస్తే తానూ ఇంకెక్కడో చూసి రాశానన్నారు. ఒకచోట ఒక సంవత్సరం ఉంది, ఇంకోచోట ఇంకో సంవత్సరం. యూనివర్సిటీ లైబ్రరీలో వెతికించాను. దొరకలేదన్నారు.

మా కాలేజీ లైబ్రేరియన్ జనగామలో చదివినవాడు. ఆ థీసిస్ రాసినామె పేరు చెప్పగానే, "ఆ మేడం మాకు ఇంటర్ల చెప్పింది. రిటైరైంది. ఇంక ఆడనే ఉంటది" అని ఇల్లు గుర్తులు చెప్పాడు.

మర్నాడే బస్సెక్కాను. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు దాటి, రేగొండ, పరకాల మీదుగా హనుమకొండ చేరి, అక్కడ బస్సు మారాను. జనగామలో దిగేసరికి మధ్యాహ్నమైంది.

తలుపు తీసిన ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, మెడలో తాడుతో వేలాడే కళ్లద్దాలు. నేనెవరో, ఎందుకొచ్చానో గుమ్మంలోనే చెప్పాను.

"నా థీసిసా?" అంది. "గా సంగతి నీకు ఎవలు చెప్పిండ్రు?"

"అందరు రాస్తరు మేడం. నాకు తెలిసి పదకొండు మంది మీ పేరు రాసిండ్రు."

ఆమె తలుపు పూర్తిగా తీసింది. "లోపలికి రా బిడ్డా" అంది.

ఇంట్లో ఇంకెవరూ లేరు. బీరువా అడుగు నుంచి టైపు చేసిన పుస్తకం తీసింది. అంచులు పసుపు పచ్చగా మారాయి, అక్షరాలు మాత్రం చెదరలేదు. నేను మొక్క పేరు చెప్పాను. ఆమె విషయసూచిక చూడకుండానే పేజీ తీసి నా చేతికిచ్చింది. యాభై ఏడో పేజీ.

చదివాను. మళ్లీ చదివాను. ఈ మొక్క ఇక్కడి చెరువుల్లో ఉందని పశువుల కాపరులు చెప్పారు, నాకు మాత్రం రెండేళ్లలో ఎక్కడా కనిపించలేదు. అక్కడ రాసి ఉన్నది అంతే.

"మేడం, మీరు చూసిండ్రని రాసిండ్రు అందరు."

"నేను చూడలే. చూడలేదనే రాసిన గదా." ఆమె గొంతులో కోపం లేదు. "పదకొండు మందిల ఒక్కలన్న వచ్చి అడిగితే చెప్పకపోదునా. నేను ఎటు పోయిన? గీడనే ఉన్న."

ఆ పదకొండు మందిలో నా గైడ్ ఒకరు. ఇక్కడికి రాకపోతే పన్నెండో మనిషిని నేనే.

ఆమె చాయ్ పెట్టి తెచ్చింది. "నువ్వు చూసినవా మరి?" అని అడిగింది.

ఫోన్‌లో ఫోటోలు చూపించాను. మా తండా వెనక చెరువు, బురద, ఆకులు, చిన్న తెల్ల పూలు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో ఫోటోనూ పెద్దది చేసి చూసింది. పువ్వు దగ్గర ఆగింది.

"గిట్లుంటదా" అంది మెల్లగా. "రెండేండ్లు తిరిగిన దీని కోసం."

పేజీ నంబరు, సంవత్సరం రాసుకుని సాయంత్రం బస్సుకు బయల్దేరాను. దారిలో గైడ్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ఆ రిఫరెన్సు తీసేస్తె అయిపోతది. ఎవలు చూస్తరు?" అన్నారు.

"తీసేస్తే తప్పు అట్లనే ఉంటది కద సార్. ఆమె రాసింది రాసినట్టు పెడ్త."

"నా థీసిస్ తప్పని రాస్తవా?"

"మీ పేరు రాయను సార్. ఆమె ఏం రాసిందో అంతే రాస్త."

"నీ ఇష్టం" అని పెట్టేశారు. మొదటి వాక్యం మార్చి గడువులోపే పంపాను. పత్రం అచ్చయింది. కాపీ పంపితే ఆయన జవాబివ్వలేదు. ఆ తర్వాత పండగలకు నేను పంపిన శుభాకాంక్షలకూ అంతే. ఏడేళ్లు ప్రతి వారం మాట్లాడిన మనిషి.

అచ్చు కాపీ ఒకటి తీసుకుని దసరా సెలవుల్లో మళ్లీ జనగామ వెళ్లాను. ఆమె నన్ను వెంటనే గుర్తుపట్టింది. కాగితాలు చేతికిస్తే పత్రం పేరు కూడా చూడకుండా నేరుగా చివరి పేజీలకు వెళ్లింది. వేలు పెట్టి కిందికి దిగుతూ నలభై ఒకటి దగ్గర ఆగింది. ఇంటిపేరు, పొడి అక్షరాలు, సంవత్సరం, పేజీ. అన్నీ చూసుకుంది. తర్వాత దాని పైనున్న పేరూ కిందనున్న పేరూ చదివింది.

"వీళ్లు ఏడుంటరు?" అని అడిగింది.

"తెల్వదు మేడం. నేను చూడలే."

"ఉన్నరో లేరో" అంది. కాగితాలు మడిచి థీసిస్ అట్టలో పెట్టింది. నా వైపు తిరిగి, "తిని పో బిడ్డా. ఒక్కదాన్నే కదాని పొద్దుగాలనే రెండు పూటలది వండిన" అంది.

ఇద్దరం కూర్చుని తిన్నాం.