పెదనాయన ప్రార్థన, ఫియట్ స్ప్రింగు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా జుట్టు నెరవలేదు గానీ, ఫోన్లో వీడియో చూస్తే ఏ పనైనా వచ్చేస్తుందని మనస్ఫూర్తిగా నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. అప్పుడు నేను తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరి, నాయుడుపేటలో మా పెదనాయన ఇంట్లో ఉండేదాన్ని. ఆయన నిమ్మకాయల వ్యాపారం మానుకుని చర్చి పెద్దగా స్థిరపడ్డ మనిషి. రేకుల షెడ్డులో ఆయన పాత ఫియట్ కారు, ముందు చక్రాలు లేకుండా స్టాండ్ల మీద ఉండేది. ముందు స్ప్రింగులు వయసు మీద పడి కుంగిపోతే మెకానిక్ చేత ఊడదీయించి, కొత్తవి మాత్రం మనమే ఎక్కిద్దాం అన్నాడు. (ఆయనకి పొద్దుపోవడం లేదు, నాకేమో ప్రతిదాని లోపలా ఏముందో చూడాలి. ఇద్దరికీ కుదిరింది.)

పెద్దమ్మ గడువు పెట్టేసింది. “ఆదివారం చర్చికి ఈ బండిలో పోతే సరి. లేదంటే సోమారం పాత ఇనుమాయన వస్తాడు. షెడ్డులో నేను మిరపకాయలు పోసుకుంటా.” ఆ మాటకి పెదనాయన మొహం చూడాలి. పెళ్ళయ్యాక పెద్దమ్మని పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆ కారులోనే. అది తూకానికి పోతే ఆయన తట్టుకోలేడని నాకు తెలుసు.

శనివారం పొద్దున్నే దిగాం. అప్పటిదాకా నాకు స్ప్రింగంటే బాల్‌పెన్నులో ఉండేదే. ఇది నా ముంజేయంత పొడవు, దాని చుట్టలు బొటనవేలంత లావు. దాన్ని నొక్కి పొట్టి చేసి, చక్రాన్ని మోసే కింది ఆర్ముకీ పైనున్న గిన్నెకీ మధ్య కూర్చోబెట్టాలి. నొక్కడానికి కొక్కేలున్న రెండు పొడవాటి బోల్టులు. వాటిని ఎదురెదురుగా తగిలించి, ఇటు కొంచెం అటు కొంచెం సమానంగా బిగించుకుంటూ పోవాలి. “ఇంత బలం దీంట్లో ఎక్కడుంటుంది పెదనాయనా? చూస్తే ఏమీ కనపడదే!” అన్నాను. “నీ నోట్లో ఉన్నట్టే ఉంటాది, బిగించు” అన్నాడు. వీడియోలో చెప్పినట్టు స్ప్రింగు చుట్టల్లోంచి గొలుసు దూర్చి కారుకి కట్టాను. “ఏందమ్మే, అదేమన్నా పారిపోయే కోడా, కట్టేస్తుండావు?” అని ఒకటే నవ్వు.

స్ప్రింగుని లోపల పెట్టి, ఆర్ము కింద జాకీ పెట్టి ఎత్తాం. సరిగ్గా అప్పుడు ఆయనకి గుర్తొచ్చింది. “అయ్యో, ప్రార్థన చెయ్యకుండా మొదలుపెట్టినామే! కళ్ళు మూసుకో” అని స్ప్రింగు పక్కనే మోకరించి తల వంచేశాడు. నాయుడుపేట నుంచి గూడూరు దాకా జబ్బుపడ్డవాళ్ళనందరినీ తలుచుకుని, వాన కోసం అడిగి, నిమ్మ రైతుల దగ్గరికొచ్చాడు. కారు ప్రస్తావన ఇంకా రాలేదు. నాకు చిన్నప్పటి నుంచీ ప్రార్థనలో ఒక కన్ను తెరిచి ఉంచే జబ్బు. (అందరూ కళ్ళు మూసుకుంటే ఏం జరుగుతోందో ఎవరో ఒకరు చూడాలి కదా!) ఆ కంటికి కనిపించింది: జాకీ కింద, దానిలోంచే కారిన నూనె మడుగు. జాకీ మెల్లగా దిగుతోంది, దానితో స్ప్రింగు వంగుతోంది, ఒక కొక్కెం చుట్ట మీద జారుతోంది.

ఆ ఇంట్లో ప్రార్థన మధ్యలో మాట్లాడటమా! తుమ్మొచ్చినా మింగేవాళ్ళం. నా నోటికి ఒకటే మాట వచ్చింది. “ఆమేన్!” అని అరిచాను. వంటింట్లోంచి పెద్దమ్మ అలవాటుగా “ఆమేన్” అంది. ఇంక ప్రార్థన అయిపోయినట్టే లెక్క. పెదనాయన కళ్ళు తెరిచి “నేనింకా...” అనేలోపు బనీను పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. టంగుమని చప్పుడు. ఆయన తల ఉన్న చోటికి ఎగిరొచ్చిన స్ప్రింగు గొలుసుకి వేలాడుతూ ఊగింది. ఏడ్చేశాను.

పెద్దమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చి, సంగతి అర్థమై నేల మీద కూలబడింది. “బండి పోతే పోయింది గదయ్యా! నువ్వు పోయుంటే?” పెదనాయన కారు వైపు చూడకుండా, “అమ్మేద్దాంలే” అన్నాడు. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి లేచింది. పక్కింటికి వెళ్ళి మంచి జాకీ మోయించుకొచ్చి, స్టూలు వేసుకుని షెడ్డు ముందు కూర్చుంది. “ముందు ప్రార్థన చేసుకోండి. దూరంగా. ఆ తర్వాత పని” అంది. ఈసారి ఆర్ము కింద స్టాండు కూడా పెట్టాం. స్ప్రింగు కొసని దాని గాడిలోకి చేత్తో కాకుండా కడ్డీతో తిప్పాం. సాయంత్రానికి రెండు స్ప్రింగులూ కూర్చున్నాయి, చక్రాలూ ఎక్కాయి.

ఆదివారం ఆ కారు మమ్మల్ని చర్చికి తీసుకెళ్ళింది. సోమవారం పాత ఇనుమాయన వచ్చి, “ఏదక్కా కారు?” అన్నాడు. పెద్దమ్మ ఆ నూనె కారే జాకీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. “మా ఆయన్ని చంపబోయింది ఇది. దీన్ని ఎత్తుకుపో. కారు మేం తిరిగేదానికి కావాల” అంది. షెడ్డులో పెదనాయన అవసరం లేకపోయినా అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు నాకూ కారుంది. ఏదైనా తేడా వస్తే సర్వీసు సెంటరులో అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. అవతల నా కారుని పైకెత్తి, కింద దూరి ఏదో చేస్తుంటారు. నేను ఫోన్ చూసుకుంటూ తాగుతాను. ఆ రోజు షెడ్డులో ఉన్న పిల్లయితే కాఫీ చల్లారినా పట్టించుకోకుండా ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడేది. అది తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది, ఆ పిల్ల మీద కాదు, నా మీద.